ఆపరేషన్ మధ్యాహ్నం మూడింటికి, మంచినీళ్లు ముందు రాత్రి నుంచే బంద్. ఎందుకు?

విభాగం: ఆరోగ్యం, ఆసుపత్రులు – విశాఖ

మర్రిపాలెం_శ్రావణి · ఆదివారం రాత్రి 9.40

నాన్నగారికి 74 ఏళ్లు. బుధవారం బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. శుక్రవారం ఆపరేషన్ అన్నారు. గురువారం రాత్రి సిస్టర్ వచ్చి, పన్నెండు దాటాక నోట్లో ఏమీ వెయ్యొద్దు, మంచినీళ్లు కూడా వద్దు అని చెప్పి మంచానికి ఒక కాగితం అంటించి వెళ్లారు. సరే అన్నాం. పొద్దున లిస్టులో రెండో కేసు మాది. మధ్యలో ఏదో ఎమర్జెన్సీ వచ్చింది, నాలుగో కేసు అయ్యాం. లోపలికి తీసుకెళ్లేసరికి మూడయింది.

లెక్కేసుకోండి, పదిహేను గంటలు. ఈ ఉక్కలో. పదకొండింటికి "ఒక్క చెంచా పొయ్యి తల్లీ" అని అడిగారు. తడిగుడ్డతో పెదాలు తుడిచి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు పోర్టులో క్రేన్ నడిపిన మనిషి, మమ్మల్ని ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగరు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఎవర్నీ తిట్టడానికి రాయడం లేదు, ఆసుపత్రి పేరు అడగొద్దు, చెప్పను. పన్నెండు అనే లెక్క ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకోవాలనుంది. ఇంకో రెండు సందేహాలు కూడా: మూత్రం పైపు ఇంకా తియ్యలేదు, పొద్దున్నే ఐదింటికి రోజూ రక్తం తీస్తున్నారు. ఇవన్నీ ఇలాగే ఉంటాయా?

గాజువాక_అప్పారావు · రాత్రి 9.52

మా అమ్మకీ అలగే సేసినారమ్మా. కంటి ఆపరేషన్‌కి కూడా పొద్దున్నుంచీ ఏటీ పెట్టనివ్వలేదు. సుగరు పడిపోయి సెమటలు పట్టీసినాయి. ఏటి సేస్తాం, ఆళ్లు పెద్ద సదువులోళ్లు, మనం అడిగితే కోపాలొచ్చేస్తాయి.

మూడోషిఫ్ట్_డాక్టర్ · రాత్రి 10.31

మేడమ్, నేను మెడిసిన్ వార్డులో డ్యూటీ డాక్టర్ని. మీ నాన్నగారి కేస్ షీట్ నేను చూడలేదు కాబట్టి ఆయన గురించి తీర్పు చెప్పను. 'పన్నెండు' సంగతి మాత్రం చెప్పగలను.

దాని వెనక నిజమైన భయం ఉంది. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. 1946లో మెండెల్సన్ అనే అమెరికన్ వైద్యుడు 44,016 కాన్పుల రికార్డులు చూసి, అందులో మత్తిచ్చినప్పుడు ఇలా జరిగినవి 66 అని రాశాడు. ఆ తర్వాత ఖాళీ కడుపు అనేది గట్టి నియమమైంది. అయితే కడుపుకి నీళ్లూ పప్పన్నమూ ఒకటి కాదు. నీళ్లు చాలా త్వరగా కిందికి జారిపోతాయి. అందుకే అమెరికన్ మత్తు వైద్యుల సంఘం మార్గదర్శకాల్లో 1999 నుంచీ ఉన్న మాట ఇది: మామూలు మనిషికి మంచినీళ్లు, పాలు లేని టీ లాంటి తేట ద్రవాలు మత్తుకి 2 గంటల ముందు వరకు ఇవ్వచ్చు. తేలికపాటి తిండికి 6 గంటల ఎడం ఉండాలి. పాతికేళ్లు దాటింది. వార్డుల్లో ఇంకా 'రాత్రి పన్నెండు' అనే నడుస్తోంది, ఇక్కడే కాదు, అమెరికాలోనూ.

అమెరికాలోనూ అని ఎందుకన్నానంటే, అక్కడ 'జర్నల్ ఆఫ్ హాస్పిటల్ మెడిసిన్' అని ఒక వైద్య పత్రిక ఉంది. 2006లో మొదలైంది. గుండెకీ కిడ్నీకీ విడిగా పత్రికలున్నట్టు ఇది ఒక అవయవానిది కాదు. ఆసుపత్రి మంచం మీద పడుకున్న మనిషిని ఎలా చూసుకోవాలన్నదే దాని విషయం. అందులో 2015 నుంచి ఒక శీర్షిక వస్తోంది, 'థింగ్స్ వుయ్ డూ ఫర్ నో రీజన్'. కారణం లేకుండా చేసుకుపోతున్న పనులు అన్నమాట. అర్ధరాత్రి నుంచి నోరు కట్టేయడం మీద అందులో ఒక వ్యాసమే ఉంది. పీజీలో ఉన్నప్పుడు నైట్ డ్యూటీలో ఫోన్లో అది చదివి, తెల్లారేక మా సార్‌కి చూపించాను. "ఓటీ లిస్టు నువ్వు వేస్తావా?" అన్నారు, అంటే ఆపరేషన్ థియేటర్లో ఎవరి కేసు ఎప్పుడన్న లిస్టు.

మత్తుమందు_మాస్టారు · రాత్రి 11.05

ఆ సార్ అడిగినదాంట్లోనే సగం జవాబు ఉంది డాక్టర్ గారూ.

నేను మత్తు డాక్టర్ని, ఇరవై రెండేళ్ల సర్వీసు. రెండు గంటల నియమం నిజమే. అది 'మామూలు మనిషికి' అన్నారు చూడండి, ఆ మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి. ఎముక విరిగి నొప్పితో ఉన్నవాళ్లకి, నొప్పికి మార్ఫిన్ జాతి మందులు పడ్డవాళ్లకి, పాత షుగరు ఉన్నవాళ్లకి కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది. నెలలు నిండిన గర్భిణుల లెక్క వేరు. శ్రావణి గారి నాన్నగారి విషయంలో నేనైతే కాస్త వెనకాడేవాణ్ని. వెనకాడినా పదిహేను గంటలు ఉంచేవాణ్ని కాదు. కేసు వెనక్కి జరిగినట్టు తెలియగానే వార్డుకి ఫోన్ చేసి "పది వరకు నీళ్లివ్వండి" అనాల్సింది మేమే. ఆ ఫోన్ చాలాసార్లు వెళ్లదు. ఇందులో నన్నూ కలుపుకునే చెబుతున్నాను.

ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ దొంగచాటుగా నీళ్లు పట్టొద్దు. ఇచ్చుంటే ఎప్పుడు, ఎంత ఇచ్చారో మాకు చెప్పి తీరాలి. దాచిపెట్టడం అన్నిటికంటే ప్రమాదం.

పాతవార్డు_సిస్టర్ · సోమవారం ఉదయం 6.20

నైట్ దిగి బస్సులో కూర్చుని రాస్తున్నా. ఆ కాగితం అంటించేది మేమే కదా, కాబట్టి మా గోడు కూడా వినండి.

నా వైపు ముప్పై రెండు మంచాలు, నాతో ఇంకో సిస్టరు. మర్నాడు ఆపరేషన్లు ఏడు. ఎవరిది ఎన్నింటికో రాత్రికి మాకు తెలీదు, ఓటీ వాళ్లకే తెలీదు. ఒక్కొక్కరికీ ఒక్కో టైము పెడితే ఎవరికో ఒకరికి తప్పు జరుగుతుంది, ఆ తప్పు నా పేరు మీద ఉంటుంది. అందరికీ పన్నెండు అంటే తప్పు జరగదు. దాహం వేస్తుంది, అంతే. దాహానికి ఎవరూ మెమో ఇవ్వరు.

మీరు చెప్పే పత్రికల్లో ముప్పై రెండు మంచాలకి ఇద్దరు సిస్టర్లు ఉన్న వార్డు గురించి ఏమైనా రాస్తారా?

కంచరపాలెం_కుర్రాడు · ఉదయం 8.15

సిస్టర్ గారి ప్రశ్నే నాదీ. అమెరికా పత్రికలో రాసింది మన కొండ దిగువ వార్డుకి పనికొస్తుందా? అక్కడ ఒక్కో పేషెంటుకీ ఒక గది, గదికి ఏసీ, పక్కన పది మంది స్టాఫు. పైగా పీర్ రివ్యూ, పీర్ రివ్యూ అంటారు. డాక్టర్లు రాసింది డాక్టర్లే చూసి బాగుంది అనుకోవడమేగా? మా వీధిలో వంటల పోటీ పెడితే కూడా అలాగే జరుగుతుంది.

లైబ్రరీ_మూల · ఉదయం 9.47

వంటల పోటీ పోలిక బాగుంది తమ్ముడూ, వాడుకుంటాను. వైద్య కళాశాల లైబ్రరీలో పని చేసి రిటైరయ్యాను. ఇలాంటి పత్రికల బైండింగులు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి.

రచయిత వ్యాసం పంపుతాడు. సంపాదకుడు ముందు తను చూస్తాడు, చాలావాటిని అక్కడే తిప్పి పంపేస్తాడు. మిగిలినవి అదే విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి వెళ్తాయి. వాళ్లకి దీనికి జీతం ఉండదు. తన వ్యాసం చూసింది ఎవరో మామూలుగా రచయితకి తెలియనివ్వరు. "నీ లెక్కల్లో ఈ పేషెంట్లు ఏమయ్యారు? ఈ మాటకి ఆధారం ఏది?" అని వాళ్లు రాస్తారు. రచయిత జవాబు చెప్పుకోవాలి, తిరగరాయాలి. నెలలు పడుతుంది. అంటే మీ వంటని మెచ్చుకునే చుట్టాలకి కాదు, పేరు కనపడకుండా ఉప్పు ఎక్కువైందని చెప్పే పక్కింటావిడకి ముందు పెడతారు.

అయినా మోసపోతారు. కోవిడ్ పేషెంట్లు, మందుల మీద వచ్చిన రెండు వ్యాసాలని 2020 జూన్‌లో లాన్సెట్, న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే పేరున్న వైద్య పత్రికలు చెరొకటి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. సర్జిస్ఫియర్ అనే కంపెనీ ఇచ్చిన పేషెంట్ల డేటా అసలు నిజమో కాదో ఎవరూ సరిచూడలేకపోయారు. పరిశీలకులు చూసేది కాగితాన్ని, వార్డుని కాదు. కాబట్టి పీర్ రివ్యూ అయింది అనగానే దండం పెట్టక్కర్లేదు, అవకుండా వాట్సాప్‌లో తిరిగేదానితో సమానం చెయ్యనూ కూడదు.

వ్యాసాల సారాంశాలు పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పూర్తి వ్యాసానికి డబ్బు అడిగితే రచయితకి ఒక మెయిలు పెట్టండి. నా అనుభవంలో పదిమందిలో ఆరేడుగురు పంపేవారు, కొందరైతే తెగ సంతోషపడేవారు, తమది ఒకరు చదువుతున్నారని.

మూడోషిఫ్ట్_డాక్టర్ · మధ్యాహ్నం 1.10

కుర్రాడు గారి మొదటి ప్రశ్నకి నేను చెబుతాను, అది సిస్టర్ గారిది కూడా.

ఈ పత్రిక పుట్టిందే ఒక కొత్త రకం డాక్టరు పుట్టడం వల్ల. అమెరికాలో పూర్వం మీ ఊరి డాక్టరే తన క్లినిక్ చూసుకుని, ఆసుపత్రిలో చేరిన మిమ్మల్ని చూడ్డానికీ వచ్చేవాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మిగతా టైములో ఏదైనా అయితే ఫోను. 1996లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో రాస్తూ, పూర్తిగా ఆసుపత్రి లోపలే ఉండే డాక్టర్లకి 'హాస్పిటలిస్ట్' అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే వాళ్లకో సంఘం వచ్చింది, తొమ్మిదేళ్లకి ఆ సంఘానికి ఈ పత్రిక వచ్చింది.

మన దగ్గర చూడండి. పేషెంటు చేరేది పెద్ద డాక్టరు గారి పేరు మీద. ఆయనకి ఓపీ ఉంది, ఓటీ ఉంది, సాయంత్రం ఇంకో చోట క్లినిక్ ఉంది. రాత్రి రెండింటికి మంచం దగ్గరికి వచ్చేది నాలాంటివాడు. ఆ రెండింటికి ఏం చెయ్యాలో మాకు ఎవరూ విడిగా నేర్పలేదు. అరుదైన జబ్బుల పేర్లు వందసార్లు బట్టీ పట్టాం. మూత్రం పైపు ఏ రోజున తియ్యాలో ఒక్క పరీక్షలోనూ అడగలేదు. ఈ పత్రిక అడిగేది అదే.

సిస్టర్ గారూ, ముప్పై రెండు మంచాల వార్డు గురించి వాళ్లు రాయరు, నిజమే. వాళ్లు కారణం లేదన్న పనుల్లో చాలా వరకు మీ చేత చేయించేవేనన్నది కూడా నిజం. అవి తగ్గితే ముందు బరువు తగ్గేది మీకే. స్టేబుల్‌గా ఉన్న పేషెంటుకి రోజూ రక్తపరీక్షలు వద్దని, సౌకర్యం కోసం మూత్రం పైపు ఉంచొద్దని, ఐసీయూ బయట ఉన్నవాళ్లలో రక్తస్రావం ముప్పు ఉన్నవాళ్లకి తప్ప గ్యాస్ ఇంజక్షన్ రాయొద్దని 2013లోనే ఆ హాస్పిటలిస్టుల సంఘం ప్రకటించింది. మన వార్డులో పాన్ అనే ఆ గ్యాస్ ఇంజక్షన్ పడని మనిషి ఉన్నాడా చెప్పండి? జ్వరంతో వచ్చినా పాన్, కాలు విరిగి వచ్చినా పాన్.

పాతవార్డు_సిస్టర్ · మధ్యాహ్నం 1.32

రాసేది మీరే కదా బాబూ!

మూడోషిఫ్ట్_డాక్టర్ · మధ్యాహ్నం 1.34

నేనే. ఒప్పుకుంటున్నా.

మర్రిపాలెం_శ్రావణి · మధ్యాహ్నం 3.05

అందరికీ థాంక్స్ అండి. ఇవాళ ఇంకో రెండు విషయాలు జరిగాయి, చేతులు ఆడటం లేదు.

ఒకటి, హిమోగ్లోబిన్ 8.6 ఉంది, రెండు యూనిట్లు రక్తం ఎక్కించాలి, ఇద్దరు డోనర్లని తీసుకురండి అన్నారు. తమ్ముడు బ్లడ్ బ్యాంక్ దగ్గర నిలబడి ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేస్తున్నాడు.

రెండోది రాయడానికే భయంగా ఉంది. రాత్రి రెండున్నరకి నాన్నగారు లేచి కూర్చుని "దించకండ్రా, కింద మనిషున్నాడు, కొక్కెం ఆపండి" అని అరిచారు. నన్ను చూసి సూపర్‌వైజర్ గారూ అన్నారు. పైపు పీక్కోబోతే చేతులు మంచానికి కట్టేశారు. పొద్దున మామూలుగా నన్ను గుర్తుపట్టి ఇడ్లీ తిన్నారు, సాయంత్రం అయితే మళ్లీ ఏమవుతుందో. మా పిన్ని గాలి సోకింది, దిష్టి తీయించాలి అంటోంది. బుర్ర దెబ్బతిందా? మతిమరుపు జబ్బు మొదలైందా?

మత్తుమందు_మాస్టారు · మధ్యాహ్నం 3.22

భయపడకండి అమ్మా. దీన్ని డెలీరియం అంటారు. తుంటి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లలో మేం తరచూ చూసేదే. పగలు బాగుండి రాత్రి తేడా చెయ్యడం దాని గుర్తే. మతిమరుపు జబ్బు ఇలా ఒక్క రాత్రిలో రాదు. అలాగని ఊరుకోవడానికీ లేదు. ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, నొప్పి, మలబద్ధకం, మూత్రం నిలవడం, నిద్రమందు, ఒంట్లో నీరు తగ్గడం, వీటిలో ఏదో ఒకటి వెనక ఉండొచ్చు, వెతకాలి. రాత్రి జరిగింది ఉన్నదున్నట్టు రౌండ్స్‌లో డాక్టరుకి చెప్పండి. పొద్దున బాగున్నారు కదా అని చెప్పడం మానెయ్యకండి. రౌండ్స్ పొద్దున వస్తాయి, ఈ జబ్బు రాత్రి వస్తుంది, అందుకే చాలామందిలో దొరక్కుండా పోతుంది.

దిష్టి తీయించుకోండి, నష్టం లేదు. వార్డులో కర్పూరం మాత్రం వెలిగించకండి, ఆక్సిజన్ లైన్లుంటాయి.

మూడోషిఫ్ట్_డాక్టర్ · మధ్యాహ్నం 3.58

మాస్టారు చెప్పాక నేను చెప్పాల్సింది మందుల గురించి కాదు. ఆయనకి కళ్లజోడు ఉందా? చెవి మిషన్ ఉందా? చేర్చేటప్పుడు ఇంటికి పంపేసి ఉంటారు పోతాయేమోనని. వెంటనే తెప్పించండి. కనపడక వినపడక, పగలో రాత్రో తెలియని గదిలో పడుకుంటే నాకైనా క్రేన్‌లు కనిపిస్తాయి. ఒక గడియారం, ఇంటి ఫోటో ఒకటి ఎదురుగా పెట్టండి. పగలు కిటికీ తెర తీసి ఉంచండి, రాత్రి మంచం మీది లైటు ఆర్పమనండి. ఇది మా అమ్మమ్మ చిట్కా కాదు. షారన్ ఇనౌయే అనే వైద్యురాలి బృందం 1999లో 852 మంది వృద్ధుల మీద ఇలాంటివే చేసి చూసింది: గుర్తుచేస్తూ మాట్లాడటం, నడిపించడం, నిద్ర పాడవకుండా చూడటం, కళ్లజోడు, చెవి మిషన్, తాగడానికి నీళ్లు. మామూలు వార్డులో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఇలా చూసుకున్నవాళ్లలో 9.9 శాతానికి వచ్చింది. ఇదంతా రాకుండా ఆపడానికి. వచ్చేశాక తగ్గించడం కష్టం, అయినా ఇవే చెయ్యాలి.

చేతులు కట్టడం గురించి: కట్టిన కొద్దీ ఇంకా పెనుగులాడతారు. అసలు ఆయన పీకుతున్నది పైపునే కదా. ఆ పైపు అవసరం తీరిందేమో అడగండి. అది ఉన్న ప్రతి రోజూ మూత్రంలో సూక్ష్మజీవులు చేరే ముప్పు 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతుంది. మీరు తియ్యొద్దు, లోపల బెలూన్ ఉంటుంది, లాగితే రక్తం వస్తుంది. "ఇవాళ తీసెయ్యచ్చా సార్?" అని అడగండి చాలు. సగం పైపులు మేం మర్చిపోయినవే.

రక్తం సంగతి. 8.6 అనే అంకె ఒక్కటే చూసి నేను ఇక్కణ్నుంచి వద్దనలేను. 2011లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది, సరిగ్గా మీ నాన్నగారి లాంటివాళ్ల మీదే: తుంటి ఆపరేషన్ అయి, గుండె జబ్బో దాని ముప్పో ఉన్న 2,016 మంది. 10 లోపు పడగానే ఎక్కించినవాళ్లకీ, 8 లోపు పడితేనో లక్షణాలుంటేనో ఎక్కించినవాళ్లకీ ఫలితంలో తేడా రాలేదు. కాబట్టి అడగాల్సింది ఇది: "ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె దడ లాంటివి ఉన్నాయనా, అంకె చూసా? ఒకటి ఎక్కించి మళ్లీ చూద్దామా?" రెండేసి యూనిట్లు జతగా రాసే అలవాటు మీద కూడా ఆ 'కారణం లేని పనుల' శీర్షికలో ఒక వ్యాసం ఉంది.

గాజువాక_అప్పారావు · సాయంత్రం 4.40

మీరు రాసినట్టు అడిగితే "గూగుల్ సదివొచ్చినావేటి" అంటారు సార్. నాకు జరిగింది.

పాతవార్డు_సిస్టర్ · సాయంత్రం 5.15

అప్పారావు గారూ, అడిగే తీరు ఉంటుంది. రౌండ్స్‌లో పదిమంది ముందు పత్రిక పేరు ఎత్తారంటే పెద్ద సార్లకి మండుతుంది. పత్రిక మాటే ఎత్తకండి. మీ సంగతి చెప్పండి, "రాత్రంతా పైపు పట్టుకుని పీకుతున్నారు సార్, అవసరం లేకపోతే తీయిస్తారా?" అని. తీసెయ్యండి సిస్టర్ అని నా వైపు తిరుగుతారు, నూటికి ఎనభై సార్లు.

ఇంకోటి. షిఫ్టు మారేటప్పుడు, పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది, ఆ అరగంట మమ్మల్ని ఏమీ అడక్కండి. ఒకరి నోట్లోంచి ఇంకొకరి చెవిలోకి ముప్పై రెండు మందిని దాటించే టైము అది. మధ్యలో ఎవరైనా సెలైన్ అయిపోయిందని కేకేస్తే ఒక పేషెంటు సంగతి జారిపోతుంది.

మూడోషిఫ్ట్_డాక్టర్ · సాయంత్రం 5.31

సిస్టర్, మీరు ఇప్పుడు చెప్పినదాని మీదే తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో చేసిన పరిశీలన ఒకటి 2014లో వచ్చింది. డాక్టర్లు డ్యూటీ అప్పగించేటప్పుడు ఒక వరస పెట్టారు: ఎవరి పరిస్థితి ఎంత తీవ్రం, కథ ఏమిటి, ఇంకా చేయాల్సింది ఏమిటి, ఏం జరగొచ్చు. చివర్లో విన్నవాళ్లు తిరిగి ఒప్పజెప్పాలి. తప్పులు 23 శాతం తగ్గాయి. కొత్త మిషన్ లేదు, కొత్త మందు లేదు. మనకి ఆ చివరి మెట్టే లేదు. "సరే సరే" అని తలూపి బండి తాళాలు తీసుకుంటాం.

కంచరపాలెం_కుర్రాడు · సాయంత్రం 6.02

సరే, వంటల పోటీ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక అనుమానం ఉంది. ఇలాంటి పత్రిక మన దగ్గర, మన వార్డుల మీద ఎందుకు లేదు? మన పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) 1923 నుంచి ఉంది. పాడేరు నుంచి శ్రీకాకుళం దాకా జనం ఇక్కడికే వస్తారు. నేల మీద చాప వేసుకుని రాత్రంతా కూర్చునే అటెండెంట్లు అమెరికాలో ఉంటారా?

లైబ్రరీ_మూల · సాయంత్రం 6.50

ప్రమోషన్ కోసం వ్యాసాలు కావాలి కాబట్టి రాస్తారు తమ్ముడూ, రాయరని కాదు. డబ్బు తీసుకుని వారంలో అచ్చేసే పత్రికలు వాళ్ల కోసమే పుట్టుకొచ్చాయి. వాటికీ పీర్ రివ్యూ అనే ముద్ర ఉంటుంది, పరిశీలించేవాడే ఉండడు. అరుదైన కణితి దొరికితే వ్యాసం రాస్తారు. చాప మీద కూర్చున్న అటెండెంటు గురించి రాయాలని ఎవరికీ తోచదు. శ్రావణి గారు ఈ మూడు రోజుల్లో చేసింది, ఆ 852 మంది మీద జరిగిన పనిలో వాలంటీర్ల చేత చేయించినదే. వాళ్లకి శిక్షణ ఇచ్చారు. మనవాళ్లని "విజిటింగ్ టైం అయిపోయింది, బయటికి" అంటాం.

మర్రిపాలెం_శ్రావణి · మంగళవారం రాత్రి 8.20

నిన్న సాయంత్రం రౌండ్స్‌లో సిస్టర్ గారు చెప్పినట్టే అడిగాను, పత్రిక ఊసు ఎత్తకుండా. పైపు తీసేశారు. తీసిన రెండు గంటలకి ఆయనే బెడ్‌పాన్ పెట్టమని అడిగారు. రక్తం ఒక యూనిట్ ఎక్కించి ఆపారు, ఇవాళ పొద్దున 9.4. తమ్ముడి ఫ్రెండ్ ఒకణ్ని వెనక్కి పంపేశాం. సోడియం తక్కువగా ఉందని తేలింది, దానికి మందు మార్చారు. కట్లు విప్పించాను, రాత్రి నేనే చెయ్యి పట్టుకుని కూర్చుంటానని రాసిచ్చి. మూడింటికి ఒకసారి లేచి "ఓడ వెళ్లిపోయిందా?" అన్నారు. వెళ్లిపోయింది నాన్నా, లోడింగ్ అయిపోయింది అన్నాను. పడుకున్నారు. అలా అనొచ్చో లేదో తెలీదు.

ఇవాళ ఫిజియో అమ్మాయి వచ్చి వాకర్‌తో నిలబెట్టింది. నాలుగు అడుగులు. పది రోజులు మంచం మీద ఉంటే ఏమవుతుందని అడిగాను. 2007లో అరవై దాటిన పదకొండు మంది ఆరోగ్యవంతులనే పది రోజులు పడుకోబెట్టి చూశారట, కాళ్లలో దాదాపు కిలో కండ పోయిందట. నాన్నగారు విని "అయితే నాకు ఆరో రోజు, అరకిలో పోయింది" అని లెక్క చెప్పారు.

కళ్లజోడు వచ్చింది. చెవి మిషన్ కూడా వచ్చింది, సెల్ అయిపోయింది. ఆ చిన్న గుండ్రటి సెల్, నారింజ రంగు స్టిక్కర్ ఉంటుంది. ఈ టైములో ఎక్కడ దొరుకుతుంది?

గాజువాక_అప్పారావు · రాత్రి 8.24

నారింజ అంటే 13 నెంబరు. మా అమ్మది అదే. నా కాడ రెండున్నాయి. ఏ వార్డో మెసేజీ పెట్టమ్మా, తొమ్మిదిన్నరకి ఆ దారినే ఎలతాను.